ఈలకు ఆగిన రేసు కారు

నాకు సీటొచ్చింది! చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పొద్దున ఫోన్ పెట్టేసినప్పటి నుంచి కనబడినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. పాలు పోసే ఆయనకు చెప్పాను. గ్యాస్ బండ తెచ్చినతనికి చెప్పాను. రాంగ్ నంబర్‌కు ఫోన్ చేసిన ఒకావిడను పెట్టెయ్యనివ్వకుండా ఆమెకూ చెప్పాను. వచ్చే సీజన్ నుంచి ఒక పెద్ద జట్టులో నేను ర్యాలీ డ్రైవర్ని!

ఆగండి, అప్పుడే అభినందనలు చెప్పకండి. ఇలాంటి సీటే నాకు ఇదివరకు ఒకసారి రావలసింది. రావలసింది ఏమిటి, వచ్చి నా ఒళ్లో కూర్చోబోతుంటే దాన్ని నేనే కుడికాలితో తొక్కి పారేశాను. అదీ సొంత ఊళ్లో, సొంత బంధువులు చప్పట్లు కొడుతుండగా. ఆ కథ వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఏం చేస్తాం. ఆ రోజు నేను మాత్రం హెల్మెట్ కూడా తియ్యకుండా ఏడ్చాను. హెల్మెట్‌లో ఏడవడం ఎంత నరకమో మీకు తెలియదు. ముక్కు తుడుచుకోవడానికి దారుండదు.

మాది కమలాపురం దగ్గర ఒక పల్లె. నాయన ట్రాక్టర్ తోలతాడు. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. గుమ్మం తగిలి నుదురు బొప్పి కట్టించుకున్న మొదటి ఆడపిల్లనూ నేనే. నా ఎత్తు ఎంతని అడక్కండి. నేను లేచి నిలబడితే మా ఇంట్లో ఫ్యాను ఆపేవాళ్లు, అంతే చెబుతాను. ఎండాకాలం కడప ఎండ తెలుసు కదా. నేను నీళ్లు తాగడానికి లేస్తే చాలు, ఇంటిల్లిపాదీ ఒకటే అరుపు: "కూసోవే రూతూ, ఉక్కపోసి సస్తాండాం!"

కడప హాస్టల్లో చదువుతున్నప్పుడు నేను స్టూలు లేకుండా బీరువా మీది పెట్టె దించడం చూసి మా కోచ్ నన్ను బాస్కెట్‌బాల్‌లోకి లాగింది. ఆ ఆటే నాకు కాలేజీలో సీటిప్పించింది. డిగ్రీ చేయించింది. తర్వాత బెంగళూరులో ఒక క్లబ్బు నన్ను జీతమిచ్చి ఆడించుకుంది. ఆ సంగతి మా అవ్వకు చెబితే ఆమె నమ్మలేదు.

"బంతి ఎగరేస్తే జీతమిస్తారా? యాడన్నా ఉండాదా ఇది?"

"ఉండాది అవ్వా. నేను గెంతుతానే ఉండల్ల, వాళ్లు ఇస్తానే ఉంటారు."

"గెంతి గెంతి యాడికి పోతావే?"

నేను నవ్వి మళ్లీ బెంగళూరు బస్సెక్కాను.

మా కోచ్ గురించి చెప్పాలి. ఆమెకు దేవుడు, దెయ్యం, రాజ్యాంగం అన్నీ ఒకటే: ఈల. "ఈల పడిందా, ఏడున్నోళ్లు ఆడ్నే ఆగిపోవల్ల" అనేది. "గాల్లో ఉంటే మేడమ్?" అని ఒకసారి అడిగాను. "గాల్లో ఉంటే గాల్లోనే ఆగు!" అంది. ఈల పడ్డాక ఒక్క అడుగు కదిలినా ఎర్రటి ఎండలో గ్రౌండు చుట్టూ పరుగు. ఇంకో అలవాటు కూడా చేయించింది. ఫౌల్ చేసినవాళ్లు తప్పు ఒప్పుకుంటున్నట్టుగా చెయ్యి పైకెత్తాలి. నేను ఆడేది బుట్ట కింద. అక్కడ తోపులాట తిరణాల్లో ఉన్నట్టుంటుంది, అందులో సగం ఫౌళ్లు నావే. పోనుపోను ఎవరి తప్పో తేలకముందే, ఈల పడగానే నా కాళ్లు ఆగేవి, చెయ్యి లేచేది. మధ్యలో నా మెదడును ఎవరూ సలహా అడిగేవాళ్లు కాదు.

ఈ రోగం గ్రౌండు దాటి ఇంటికొచ్చింది. కుక్కర్ కూత పెడితే నోటి దాకా వచ్చిన ముద్ద ఆపి చెయ్యెత్తేదాన్ని. కడప ఏడురోడ్ల దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆటోవాళ్ల మీద ఈల వేస్తే, ఫుట్‌పాత్ మీద నడుస్తున్న నేను నిలబడిపోయేదాన్ని. ఆయన నాకేసి జాలిగా చూసి "నువ్వు పోమ్మా, నిన్ను గాదు" అనేవాడు.

కొన్నేళ్లు బాగానే గెంతాను. ఒకరోజు మోకాలు 'ఇంక నావల్ల కాదు' అంది. డాక్టర్లు దాన్ని విప్పి, చూసి, మూసి, "ఆట వద్దు" అన్నారు. క్లబ్బువాళ్లు నాకు శాలువా కప్పారు. శాలువా కప్పారంటే మీకర్థమైపోయి ఉంటుంది. నా కళ్ల ముందు ప్రపంచం చీకటైపోయింది. నాకు గెంతడం తప్ప ఇంకేమీ రాదు. అప్పటికి అలా అనుకున్నాను.

కర్నూల్లో ఒక బడిలో ఆటల టీచరుగా చేరాను. అక్కడే పాతబస్తీలో ఇక్బాల్ భాయ్ గ్యారేజీ ఉంది. ఆయన పగలంతా జనం కార్లు బాగుచేసి, ఆదివారాలు ఊరవతల బీడు భూముల్లో తన పాత కారును చెడగొట్టేవాడు, అంటే రేసు తోలేవాడు. నా స్కూటర్ బ్రేకు బాగుచేయించుకోవడానికి పోయి ఆ కారు చూశాను. ఒకసారి తోలనిమ్మని అడిగాను.

"తోలడం వచ్చునా బేటీ?"

"మా నాయన ట్రాక్టర్ తోలినా భాయ్."

"ట్రాక్టర్ తోలినోళ్లకు భయముండదు. ఎక్కు."

ఎక్కడం కాదు, మడుచుకోవడం. సీటు వెనక్కి తోసి, వాల్చి, పడక్కుర్చీలో పడుకున్నట్టు పడుకుని స్టీరింగ్ పట్టుకున్నాను. గుంత వచ్చిన ప్రతిసారీ హెల్మెట్ పైకప్పుకు తగిలి గుడి గంటలా మోగింది. అయినా ఆ ఎర్రమట్టిలో బండి పక్కకు జారుతుంటే నా ఒంట్లో మళ్లీ ప్రాణం లేచి కూర్చుంది. బాస్కెట్‌బాల్‌లో ఒక కాలి మీద తిరిగి అవతలివాళ్లను తప్పించుకుంటాం చూడండి, బండి మలుపు తిరిగేటప్పుడు అదే సుఖం. దిగాక ఇక్బాల్ భాయ్ వేడెక్కిన టైర్లు తడిమి చూశాడు. తర్వాత "యా అల్లా, నా మీద పని పడిందే" అన్నాడు.

అలా నేను మోటార్ స్పోర్ట్‌లోకి వచ్చాను. ర్యాలీలో డ్రైవర్ పక్కన కూర్చుని, పుస్తకంలో రాసుకున్న మలుపులు చదివి చెప్పే మనిషి ఒకరుండాలి. నాకు దొరికింది నందిని. కర్నూలు పిల్ల. తెలివి అమితం, ఎత్తు పరిమితం. మేమిద్దరం పక్కపక్కన కూర్చుంటే ఫోన్లో సిగ్నల్ గీతల్లా ఉండేవాళ్లం. బీళ్లలో చిన్న పోటీలు కొన్ని గెలిచాం. గుర్తుపెట్టుకోండి, ఆ బీళ్లలో చూసేవాళ్లెవరూ ఉండరు, రెండు గొర్రెల మందలు తప్ప. గొర్రెలు ఈలలు వెయ్యవు.

అంతలో కడప జిల్లా మట్టిదారుల మీద ర్యాలీ ప్రకటించారు. అందులో ఒక దశ, అంటే టైము లెక్కగట్టే ఒక దారి ముక్క, వినండి మహాప్రభో, మా ఊళ్లోంచే పోతుంది! అంతేకాదు. ఆదోని మనిషి ఒకాయన బెంగళూరులో పెద్ద జట్టు నడుపుతున్నాడు. ఆయన ఈ ర్యాలీ చూడ్డానికి వస్తున్నాడు. జట్టులో ఒక సీటు ఖాళీ. మా ఊరి దశ బాగా తోలినవాళ్లకు ఆ సీటు ఇస్తానని ఇక్బాల్ భాయ్‌తో అన్నాడు.

"బేటీ, బడిలో ఆటల టీచరుగా ముసలిదానివవుతావో, రేసు డ్రైవర్ అవుతావో ఆ దారి మీదే తేలిపోతుంది" అన్నాడు ఇక్బాల్ భాయ్. "ఎవరికీ చెప్పొద్దు. దిష్టి తగులుతుంది."

"ఎవరికీ చెప్పను భాయ్" అన్నాను.

ఎవరికీ అంటే అందులో మా అమ్మ రాదు కదా. అమ్మకు చెప్పాను. అమ్మ, అవ్వకు చెప్పింది. అవ్వ చర్చిలో సాక్ష్యం చెప్పింది. చర్చికి మైకుంది. ఇంక చెప్పేదేముంది, మా ఊరే కాదు, చుట్టుపక్కల ఊళ్లు కూడా ర్యాలీ రోజుకు కూలి పనులు మానుకున్నాయి. పెళ్లిళ్లుంటే వాయిదా వేసుకునేవాళ్లేమో.

అంతమంది జనం వస్తున్నారని తెలిసి ర్యాలీ నిర్వాహకులు కంగారుపడ్డారు. మలుపు మలుపుకూ జనం దారి మీదికి రాకుండా చూసే మనుషులు కావాలి. వాళ్లకు ఎర్రజెండాలు ఇస్తామన్నారు. ఇక్కడ, ఈ ఒక్కచోట, నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"సార్, జెండా చూసి మా ఊరోళ్లు కదలరు. పెళ్లి బారాత్ అనుకుని ఇంకా దగ్గరికొస్తారు. నాకు వదిలెయ్యండి, నా దగ్గర మందుంది" అన్నాను.

మందంటే ఈలలు. ఆట మానేశాక నా దగ్గర మిగిలిన ఆస్తి ఒక సంచెడు రెఫరీ ఈలలు. అవి మామూలువి కావు. నిండిన స్టేడియంలో కూడా చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. మా చర్చి మహాసభల్లో జనాన్ని వరసల్లో కూర్చోబెట్టే పని ఎప్పుడూ మా దేవదాసు మామది, అమ్మకు తమ్ముడు. ఆయన్నీ ఆయన బలగాన్నీ పిలిచి, ఒక్కొక్కరి మెడలో ఒక్కో ఈల నా చేతుల్తో నేనే వేశాను. చెడిపోయే కాలానికి ఇంకెలా ఉంటుంది చెప్పండి?

"ఎంత గట్టిగా ఊదల్ల రూతూ?" అన్నాడు మామ.

"నీ రొమ్ములో ఎంత గాలుంటే అంత."

మామ ఊదాడు. నేను అడుగు వెయ్యబోతున్నదాన్ని ఆగిపోయాను. చెయ్యి సగం లేచింది. దాన్ని జుట్టు సర్దుకుంటున్నట్టు కిందికి దించాను. అప్పుడైనా నాకు బుద్ధి రావాలా, వద్దా?

"యాన్నో దుమ్ము లేసిందంటే కారొచ్చినట్టు" అని పాఠం చెప్పాను. "ఈల ఊదల్ల. జనం దారిమీద కాలు పెడితే ఈల ఊదల్ల. జనం పక్కకు పోయేదాకా ఊదతానే ఉండల్ల."

"కారు ఆగితే?"

"కారెందుకు ఆగుతాది మామా? రేసు కారును ఎవరూ ఆపలేరు!"

ఆ మాట అన్నప్పుడు నా మొహంలో ఉన్న గర్వాన్ని తలుచుకుంటే ఇప్పటికీ దుప్పటి ముసుగు పెట్టుకోవాలనిపిస్తుంది.

ర్యాలీ రోజు వచ్చింది. దశ మొదలయ్యే చోటికి అవ్వ, చర్చి అయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చింది. అయ్యగారు కారు ముందు భాగం మీద చెయ్యి పెట్టి, క్షేమంగా, విజయంగా నడిపించమని ప్రార్థించాడు. అవ్వకు అది చాల్లేదు. కళ్లు గట్టిగా మూసుకుని తనూ అందుకుంది.

"ప్రభువా, ఈ బండి నిదానంగా పోయేట్టు సూడు నాయనా. తొందరేం లేదు తండ్రీ."

"అవ్వా! నిదానంగా గాదు!"

"గమ్మునుండవే. ప్రార్థనలో మాట్లాడగూడదు."

"భాయ్, ఆమె ప్రార్థన వెనక్కి తీసుకోమనండి" అన్నాను ఏడుపు గొంతుతో. ఇక్బాల్ భాయ్ కారు తలుపు వేస్తూ, "పైవాడికి అన్ని భాషలూ వస్తాయి బేటీ, అర్థం చేసుకుంటాడులే" అన్నాడు. ఆయన సరిగ్గానే అర్థం చేసుకున్నాడని కాసేపటికే తెలిసింది.

ర్యాలీలో కార్లన్నిటినీ ఒకేసారి వదలరు. కొంచెం ఎడం ఇచ్చి ఒక్కొక్కదాన్నే వదులుతారు. ఎవరు తక్కువ సమయంలో దారి దాటితే వాళ్లు గెలిచినట్టు. మాకు జెండా ఊపారు. కారు నల్లరేగడి బాట మీద బాణంలా లేచింది. నందిని గొంతు చెవుల్లో తాపీగా చదువుతోంది: "కుడికి చిన్న వంపు, నేరుగా పో, మిట్ట దిగినాక ఎడమకు గట్టి మలుపు." నా చేతులు, కాళ్లు, కళ్లు అన్నీ ఒకటైపోయాయి. మిట్ట మీద నాలుగు చక్రాలూ గాల్లోకి లేచాయి. మలుపు దగ్గర జనం. అబ్బా, బతుకంటే ఇదీ అనుకున్నాను.

కుర్‌ర్‌ర్‌ర్!

బ్రేకు నేలకంటింది. కారు ఉన్నచోటే పాతేసినట్టు ఆగింది. మా వెనక వస్తున్న దుమ్ము మమ్మల్ని దాటుకుని ముందుకు పోయింది.

"ఏమైంది? టైరా?" అంది నందిని.

"ఈల."

"ఏం ఈల?"

"పడింది."

"పడితే?"

"ఆగల్ల గదా."

నందిని మెల్లగా నా వైపు తిరిగింది. "రూతూ, చెయ్యెందుకు ఎత్తినావ్?"

చూసుకున్నాను. నా ఎడమచెయ్యి పైకప్పుకు ఆని ఉంది. తప్పు ఒప్పుకుంటోంది.

"దించు."

"ఆఁ."

"పో తల్లీ, పో!"

ఆ ఇంజిన్ రొదలో, హెల్మెట్ లోపల ఈల ఎలా వినబడిందని మీరడగొచ్చు. నందినికి వినబడలేదు. పక్క వీధిలో తన బిడ్డ ఏడిస్తే తల్లికొక్కదానికే వినబడుతుంది చూడండి, అలా నాకు వినబడింది.

రెండో మలుపులో మా చిన్నాయన ఉన్నాడు. ఊదాడు. ఆగాను. మూడో మలుపులో మా పెదనాయన ఉన్నాడు. తమ్ముడి మలుపులో ఆగిన కారు తన మలుపులో ఆగకుండా పోతే ఊళ్లో ఏం పరువుంటుందనుకున్నాడో ఏమో, మొహం ఎర్రబడేదాకా ఊదాడు. ఆగాను. జనం నా ఎత్తిన చెయ్యి చూసి పొంగిపోయారు.

"సూడండప్పా, మన రూతు! ఎంత పెద్దదైనా మనల్ని మర్చిపోలా. చెయ్యెత్తి పలకరిస్తాంది!"

చప్పట్లు. కేకలు. ఒకాయన మజ్జిగ చెంబుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఒక్కదానికీ ఆగొద్దు రూతూ! ఈల వినొద్దు!" నందిని గొంతులో తాపీ ఎప్పుడో పోయింది.

"చెవులు నా మాట వింటే గదా!"

"ఐతే ఏదన్నా పాట పాడు. ఈల వినబడకుండా గట్టిగా పాడు!"

సండే స్కూలు పాట ఒకటి అందుకున్నాను. నా గొంతు కోసం దేవుడు కూడా ఏనాడూ అడగలేదు గానీ, ఆ పాట అద్భుతంగా పనిచేసింది. ఒక ఈల పోయింది, ఆగలేదు. ఇంకో ఈల పోయింది, ఆగలేదు! ఆనందంతో రెండో చరణం ఎత్తుకున్నాను.

"కుడికి! కుడికి తిప్పు!" నందిని అరుస్తోంది. "పాట ఆపు, నా మాట విను!"

"పాట ఆపితే ఈల వినబడతాది!"

"పాట ఆపకుంటే చేను వస్తాది!"

చేను వచ్చింది. శనగ చేను. కారు పచ్చటి శనగలో పడవలా తేలుతూ పోయింది. గట్టు మీదున్న మా చర్చి పెద్ద ఒకాయన బెదిరిపోయి ఈల ఊదాడు. ఠక్కున ఆగాం. ఆ దశ మొత్తంలో ఈల పనికొచ్చింది అక్కడొక్కచోటే. ఆపకుండా పోయుంటే ముందు బావి ఉంది.

చేన్లోంచి బయటపడి లెక్కేసుకున్నాం. ముందున్న కార్లకంటే వెనకబడ్డాం గానీ, మిగిలిన దారిలో నిప్పులు తొక్కినట్టు పోతే ఇంకా ఆశ ఉంది. "ఊరి మలుపు ఒక్కటి దాటితే తర్వాతంతా నేరు దారే. జనం కూడా లేరు, ఈలలూ లేవు" అంది నందిని. "ఒక్క మలుపు రూతూ. నీ బతుకంతా ఈ ఒక్క మలుపే అనుకో."

అనుకున్నాను. పళ్లు కరిచిపట్టాను. మామ ఎంత ఊదినా తొక్కేది బ్రేకు కాదని కుడికాలితో ఒట్టు వేయించుకున్నాను.

మా వీధి మలుపు. మిద్దెల మీద జనం, అరుగుల మీద జనం. నడిమధ్యలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాళ్లు ఎడంగా పెట్టి దేవదాసు మామ. దుమ్ము చూశాడు. రొమ్ము నిండా గాలి పీల్చాడు. ఆ ఊపిరి పీల్చడం నాకు కారులోంచి కనబడింది. అప్పుడే అర్థమైపోయింది నా పని అయిపోయిందని.

ఆ ఈల నందినికి కూడా వినబడింది. ఎర్రగుంట్లలో కూడా వినబడి ఉంటుంది.

కారు మామ ముందు మోకరిల్లినట్టు ఆగింది. చెయ్యి లేచింది. ఊరు ఊరంతా ఒక్కసారి హో అంది. కారు ఆగింది కాబట్టి జనం దగ్గరికొచ్చారు. జనం దారి మీద కాలు పెట్టారు కాబట్టి మామ ఈల ఊదాడు. ఈల పడింది కాబట్టి నేను బ్రేకు మీది కాలు తియ్యలేదు. కారు కదల్లేదు కాబట్టి జనం ఇంకా దగ్గరికొచ్చారు. జనం వచ్చారు కాబట్టి మామ ఇంకా గట్టిగా ఊదాడు.

గొలుసు ఎక్కడైనా తెగుతుందేమో మీరే చెప్పండి. నాకైతే కనబడలేదు.

"మామా! ఊదొద్దు!" కిటికీలోంచి అరిచాను.

"నువ్వే గదమ్మే, జనం పక్కకు పోయేదాకా ఊదతానే ఉండమంటివి?"

"ఊదితే నేను కదల్లేను మామా!"

"ఎందుకు కదల్లేవు? బండి చెడిందా?" మామ నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"బండి బాగుండాది, నేనే చెడినా!"

"తేటగా చెప్పుమ్మా. ఒరేయ్, ఎనక్కి పోండ్రా!" కుర్‌ర్‌ర్‌ర్!

బ్రేకు. చెయ్యి.

అవ్వ అప్పటికే అడ్డదోవన ఆటోలో ఊళ్లోకి చేరిపోయింది. కిటికీ దగ్గరికొచ్చి నా హెల్మెట్ నిమిరింది. కళ్లనిండా నీళ్లు. "ప్రభువు నా మొర ఆలకించినాడే. ఎంత నిదానంగా వస్తివి బిడ్డా! ఇట్లనే పో."

అప్పుడు నందిని తన జీవితంలో మొదటిసారి పుస్తకంలో లేని పని చేసింది. బెల్టు విప్పుకుని నా మీదుగా ఒరిగి, కిటికీలోంచి చెయ్యి చాపి, మామ నోట్లోని ఈలను లాక్కుంది. "పో!" అని అరిచింది. పోనిచ్చాను. ఈల దారం మామ మెడలోనే ఉందని ఆమె మరిచిపోయింది.

"అమ్మే! అమ్మే! మెడ! మెడ!"

పక్కన చూస్తే మామ కారుతో పాటు పరుగెత్తుతున్నాడు. మెడ ముందు, మామ వెనక. "వదులు నందినీ!" అని నేను అరిచేలోపే దారం తెగింది. మామ సర్పంచ్ గారి అరుగు మీద కూర్చున్నట్టుగా పడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు. అద్దంలో చూశాను, లేచి చొక్కా దులుపుకుంటున్నాడు. ఆ అద్దంలోనే ఇంకొకటి కూడా కనబడింది. మా వెనక బయలుదేరిన కారు. మాకు దారివ్వక తప్పలేదు. అది మమ్మల్ని దాటిపోతూ వదిలిన దుమ్ములో, మిగిలిన నేరు దారంతా నేను ఎంత తొక్కినా, మా నాయన ట్రాక్టర్ వెనక ట్రాలీలో కూర్చున్నట్టే అనిపించింది.

దశ చివర ఇక్బాల్ భాయ్ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి దాన్ని జేబులో వేసేసుకున్నాడు.

"గేర్‌బాక్సా బేటీ?"

"కాదు భాయ్."

"క్లచ్చా?"

"కాదు."

"మరేం చెడింది?"

"ఈల."

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "మన బండికి ఈల యాడుంది?"

నందిని గుప్పిట విప్పి చూపించింది. నేను జరిగింది మొదటి నుంచి చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేల మీద చతికిలబడి, రెండు చేతులతో తల పట్టుకుని, "ఇరవై రకాల బ్రేకు జబ్బులు బాగు చేసినా, ఇది యాడా చూడలా" అన్నాడు. నేను హెల్మెట్‌లో ఏడవడం మొదలుపెట్టాను. కాలేజీ, క్లబ్బు, మోకాలు, శాలువా, అన్నీ ఒక వరసలో కళ్ల ముందు పోయాయి. బడిలో పిల్లలకు 'సావధాన్, విశ్రామ్' చెప్పుకుంటూ బతకాలి. ఆ బడిలోనూ ఈల ఉంది.

అంతలో ఆదోని సారు మా వైపే వస్తూ కనబడ్డాడు. దశలోని ఊరి మలుపు ఆయన ఒక మిద్దె మీదినుంచి చూశాడట. మొహం వెలిగిపోతోంది. నా గుండె ఒక్కసారి పైకి లేచింది. ఎవరికి తెలుసు, నా ఒడుపు చూసి ఉండొచ్చు. మొదటి మిట్ట మీద నేను గాల్లోకి లేచిన తీరు ఎవరన్నా చెప్పి ఉండొచ్చు. హెల్మెట్ తీసి, ముక్కు తుడుచుకుని, నిటారుగా నిలబడ్డాను.

"ఆ ఊరి మలుపులో ఈల ఊదినాయన ఎవరు?" అన్నాడు.

"మా మామ సార్. తప్పయిపోయింది సార్. నేర్పింది నేనే…"

"తప్పేంటమ్మా! శానా ఏండ్లుగా ర్యాలీలు నడిపిస్తుండా. జనాన్ని ఆపేటోళ్లను చూసినా. మీదికొచ్చే రేసు కారును ఒట్టి ఈలతో ఆపిన మొగోణ్ని ఇప్పుడే చూస్తుండా. అదీ ఒకసారి కాదు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు! మాకు దారి భద్రత చూసుకునే పెద్దమనిషి కావాల. ఆయన్ని పిలిపించు."

"సార్" అన్నాను, "ఆ ఆగిన కారు నాదే సార్."

"అవునా?" ఆయన నా భుజం తట్టాడు, కొంచెం పైకి అందుకుని. "బాగా ఆగినావమ్మా."

ఖాళీ సీటు మమ్మల్ని దాటిపోయిన కారు డ్రైవర్‌కు దక్కింది. మా కుటుంబంలో మోటార్ స్పోర్ట్‌లో ఉద్యోగం సంపాదించిన మొదటి మనిషి మా దేవదాసు మామ. కొత్త టోపీ పెట్టుకుని, జట్టు చొక్కా వేసుకుని బెంగళూరు బస్సెక్కే ముందు ఆయన నన్ను పక్కకు పిలిచి, సిగ్గుపడుతూ అడిగాడు:

"రూతూ, నువ్వు సదువుకున్నదానివి. ఈ మోటారు ఆటంటే ఏందో రెండు ముక్కల్లో చెప్పమ్మా. ఆడ ఎవరన్నా అడిగితే ఏం చెప్పల్ల?"

చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను.

ఇప్పుడొచ్చిన ఈ సీటు, ఆ తర్వాత మళ్లీ గొర్రెలు తప్ప ఎవరూ చూడని బీళ్లలో గెలిచి గెలిచి సంపాదించుకున్నది. కాబట్టి, కర్నూలు, కడప జిల్లాల ప్రజల సమక్షంలో, బి.ఏ. చదివిన నేను, బైబిలు మీద ఎడమచెయ్యి వేసి, కుడిచెయ్యి తప్పు ఒప్పుకోవడానికి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా బంధువులెవ్వరి చేతికీ గాలి ఊదే వస్తువేదీ ఇవ్వను. ఈల ఇవ్వను, బూర ఇవ్వను, పొయ్యి ఊదే గొట్టం ఇవ్వను. మామ మనవడి పుట్టినరోజు వచ్చే నెల్లో ఉంది. వాడికి ఏ బొమ్మయినా కొనిస్తాను గానీ, బెలూన్ మాత్రం ఇచ్చేది లేదు.